స్పిన్నింగ్ రీల్ మార్చే ముందు: షాపులో చెయ్యి చెప్పేది వేరు, చేప పడ్డాక లైన్ చెప్పేది వేరు

డాలస్ చుట్టుపక్కల ఏ ఫిషింగ్ షాపుకి వెళ్ళినా రీళ్ళ (రాడ్‌కి, అంటే గాలం కర్రకి, బిగించి లైన్ అనే దారాన్ని చుట్టే యంత్రాలు) కౌంటర్ దగ్గర ఒకటే దృశ్యం. కొనడానికి వచ్చినవాళ్ళు రీల్ చేతిలోకి తీసుకుని హ్యాండిల్‌ని ఒక్క విసురు విసిరి వదిలేస్తారు. అది ఎంతసేపు ఆగకుండా తిరిగితే అంత మంచి రీల్ అని లెక్క. 70 డాలర్ల రీల్ తిప్పి, వెంటనే 230 డాలర్ల రీల్ తిప్పితే తేడా చేతికి ఇట్టే తెలిసిపోతుంది. అక్కడితో నిర్ణయం అయిపోతుంది.

చేతికి తెలిసిన ఆ తేడా అబద్ధం కాదు. కాని అది లైన్ లేని రీల్, బరువు లేని తిరుగుడు. లోపల గ్రీజు పలచగా రాసిన చౌక రీల్ కూడా షాపులో బొంగరంలా తిరుగుతుంది. నీళ్ళు లోపలికి పోకుండా రబ్బరు సీళ్ళు వేసిన ఖరీదైన రీల్ ఒక్కోసారి కొంచెం బిగువుగా అనిపిస్తుంది. అమెరికా సరస్సుల్లో గాలానికి పట్టే బాస్ చేప మాత్రం ఈ తిరుగుడుని ఎప్పుడూ పరీక్షించదు. లైన్ మీద బరువు పడ్డ క్షణంలో రీల్ ఏం చేస్తుందన్నదే దానికి పట్టేది. రీల్ మార్చాలనుకునేవాళ్ళు కూడా అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టాలి.

బాస్ వేటలో స్పిన్నింగ్ రీల్ చేసే పని ఏమిటో ముందు చూడాలి. అమెరికాలో బాస్ పట్టేవాళ్ళ దగ్గర సాధారణంగా రెండు రకాల రీళ్ళుంటాయి. గడ్డిలో, మునిగిన చెట్ల మధ్య బరువైన ఎరలు వేసి లాగడానికి బెయిట్‌కాస్టర్. తేలికపాటి ఎరలకు స్పిన్నింగ్ రీల్. పావు ఔన్సు, అంటే సుమారు 7 గ్రాములు, అంతకంటే తక్కువ బరువున్న ఎరని బెయిట్‌కాస్టర్‌తో దూరం విసరడం కష్టం. బరువు చాలక స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) సరిగ్గా తిరగదు, లైన్ చిక్కుపడుతుంది. స్పిన్నింగ్ రీల్‌లో విసిరేటప్పుడు స్పూల్ తిరగదు, లైన్ దాని అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది. అందుకే నెడ్ రిగ్, డ్రాప్ షాట్, వాకీ రిగ్ లాంటి సున్నితమైన పద్ధతులన్నీ దీని మీదే నడుస్తాయి. 2018లో గార్మిన్ కంపెనీ లైవ్‌స్కోప్ సోనార్ వచ్చాక ఈ రీల్ ప్రాధాన్యం ఇంకా పెరిగింది. పడవ ముందు ఈదుతున్న చేప తెరమీద అప్పటికప్పుడు కనిపిస్తుంటే, దాని ముఖం ముందు చిన్న ఎరని ఆడించడానికి స్పిన్నింగ్ సెట్టే చాలామంది చేతిలోకి వచ్చింది.

సున్నితమైన పద్ధతి అంటే సన్నని లైన్. మెయిన్ లైన్‌గా 10 పౌండ్ల బరువుకి తెగే బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన దారం), దాని చివర 6 నుంచి 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. ఇలాంటి దారం మీద నాలుగైదు పౌండ్ల లార్జ్‌మౌత్ బాస్ పడి, పడవ పక్కకి వచ్చాక ఒక్కసారిగా కిందికి దూకితే తెగకుండా కాపాడేది డ్రాగ్ ఒక్కటే, అంటే చేప బలంగా లాగితే స్పూల్‌ని జారనిచ్చి లైన్ వదిలే బ్రేకు. రీల్ మొత్తంలో ఎక్కువ డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. షాపులో తక్కువమంది చూసేది కూడా ఇదే.

లీటరు నీళ్ళ సీసా పరీక్ష

రీల్ పెట్టె మీద డ్రాగ్ గురించి ఒక పెద్ద అంకె ఉంటుంది. గరిష్ఠంగా 20 పౌండ్లు, 22 పౌండ్లు అని. బాస్ వేటకు ఆ అంకెతో పని లేదు. డ్రాగ్‌ని లైన్ తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దగ్గర పెట్టుకోవాలన్నది పాత లెక్క, ఇప్పటికీ సరైన లెక్క. 8 పౌండ్ల లీడర్ అయితే 2 నుంచి 2.7 పౌండ్ల మధ్య. అంటే 20 పౌండ్ల సామర్థ్యమున్న డ్రాగ్‌ని జీవితమంతా పదో వంతు దగ్గరే వాడతారు. కాబట్టి అడగాల్సింది ఎంత బిగుస్తుంది అని కాదు. వదులుగా పెట్టినప్పుడు ఎంత నున్నగా జారుతుంది అని.

జారడంలో కూడా అసలు కీలకం మొదటి అంగుళమే. కదలకుండా ఉన్న వస్తువుని కదిలించడానికి పట్టే బలం, కదులుతున్నదాన్ని కదిలిస్తూ ఉండటానికి పట్టే బలం కంటే ఎక్కువ. డ్రాగ్ లోపల ఒకదాని మీద ఒకటి రాసుకునే వాషర్ల మధ్య ఈ రెండింటి తేడా ఎంత తక్కువ ఉంటే ఆ రీల్ అంత మంచిది. నాసిరకం రీల్‌లో స్పూల్ ముందు బిగుసుకుని ఉంటుంది, తర్వాత టక్కున వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. 2 పౌండ్ల దగ్గర పెట్టామనుకున్న డ్రాగ్ మొదటి కుదుపులో అంతకంటే చాలా ఎక్కువ బలం తీసుకుంటుంది. లీడర్ తెగిపోయేది, చిన్న గాలం నోట్లోంచి ఊడిపోయేది సరిగ్గా ఆ కుదుపులోనే.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. లీటరు నీళ్ళ సీసా బరువు సుమారు ఒక కిలో, అంటే 2.2 పౌండ్లు. 8 పౌండ్ల లీడర్‌కి కావాల్సిన డ్రాగ్ కూడా దాదాపు అంతే. లైన్ కొసని సీసా మెడకి కట్టి, రాడ్ లేకుండా రీల్‌ని ఒక చేత్తో పట్టుకుని సీసాని నేల మీద నుంచి పైకెత్తాలి. డ్రాగ్‌ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోతే ఒక దగ్గర సీసా కిందికి దిగడం మొదలవుతుంది. బావిలోకి చేద వదిలినట్టు ఒకే వేగంతో దిగితే ఆ రీల్‌లో లోపం లేదు. ఆగి, జారి, ఆగి, జారి, మెట్లు దిగినట్టు దిగితే వాషర్లు ఎండిపోయాయో, అరిగిపోయాయో, మొదటి నుంచీ నాసిరకమో అన్నమాట. పాత రీల్‌కి ఈ పరీక్ష పెట్టకుండా కొత్త రీల్ కొనడం తొందరపాటే. చాలా రీళ్ళలో డ్రాగ్ నాబ్ విప్పి వాషర్లు బయటికి తీసి, తుడిచి, డ్రాగ్ గ్రీజు పలచగా రాస్తే మెట్లు మాయమవుతాయి. పావుగంట పని.

ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) వాషర్లా, కార్బన్ వాషర్లా అని కొందరు వాదించుకుంటారు. కార్బన్ వేడికి బాగా తట్టుకుంటుంది. గ్రీజు ఆరని ఫెల్ట్ తక్కువ బిగువు దగ్గర చాలా నున్నగా జారుతుంది, ఎండితే మొండికేస్తుంది. బాస్ పరుగులు చిన్నవి, సముద్రపు చేపల్లా వందల గజాలు లాక్కుపోదు, కాబట్టి వేడి పెద్ద సమస్య కాదు. రెండూ పనికొస్తాయి. ఫెల్ట్ ఉన్న రీల్ అయితే ఇంటికొచ్చాక నాబ్ వదులు చేసి పెట్టాలి, లేకపోతే వాషర్ అణిగిపోతుంది.

ఇంకో విషయం తక్కువమంది గమనిస్తారు. లైన్ బయటికి పోయేకొద్దీ స్పూల్ మీద చుట్టు సన్నబడుతుంది, అదే డ్రాగ్ అమరికలో లాగడానికి పట్టే బలం పెరుగుతుంది. నిండుగా 47 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్పూల్ లైన్ పోయి 38కి తగ్గితే, బిగువు దాదాపు పావు వంతు పెరిగినట్టే. వంగిన రాడ్ మీద ఉన్న రింగులన్నిటి రాపిడి దీనికి అదనం. సీసాతో కొలిచినదానికంటే చేప మీద పడే బలం ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది, కాబట్టి కాస్త తక్కువలో పెట్టుకోవడమే మంచిది.

రీల్ మీద పడే నిందలు

"ఈ రీల్ ఊరికే చిక్కులు పడుతోంది, మార్చేస్తాను" అనేవాళ్ళ విషయంలో చాలాసార్లు తప్పు రీల్‌ది కాదు. బెయిల్‌ని (లైన్‌ని స్పూల్ మీదికి మళ్ళించే తీగ వంకీని) హ్యాండిల్ తిప్పి మూస్తే లైన్ వదులుగా పడి మొదటి చుట్టు ఉచ్చులా నిలుస్తుంది. తర్వాతి విసురుకి ఆ ఉచ్చు మిగతా లైన్‌ని కూడా లాక్కొస్తుంది. ఎర నీళ్ళలో పడగానే బెయిల్‌ని చేత్తో మూసి, లైన్‌ని ఒకసారి బిగువుగా లాగి, అప్పుడు చుట్టడం మొదలుపెడితే చిక్కులు చాలావరకు పోతాయి. స్పూల్‌ని అంచుదాకా నింపడం ఇంకో తప్పు. అంచుకి 3 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి.

చేప లాక్కుపోతున్నప్పుడు కంగారులో హ్యాండిల్ తిప్పడం అన్నిటికంటే పెద్ద తప్పు. డ్రాగ్ జారుతుంటే లైన్ లోపలికి రాదు, కాని స్పూల్ చుట్టూ లైన్ చుట్టే రోటర్ తిరుగుతూనే ఉంటుంది. 6.0:1 గేర్ ఉన్న రీల్‌లో హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే రోటర్ ఆరుసార్లు తిరిగి లైన్‌లో ఆరు మెలికలు పడతాయి. పదిసార్లు తిప్పితే అరవై. ఆ రోజు మధ్యాహ్నానికి లైన్ టెలిఫోన్ తీగలా చుట్టుకుంటుంది, నింద రీల్ మీద పడుతుంది. చేప లాగుతున్నప్పుడు చెయ్యి ఆపాలి, అది ఆగినప్పుడు తిప్పాలి. 400 డాలర్ల రీల్ కొన్నా ఈ అలవాటు మారకపోతే మెలికలు మారవు.

బ్రెయిడ్ వాడేవాళ్ళకి ఇంకో చిక్కుంది. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది. నేరుగా లోహపు స్పూల్ మీద చుడితే, చేప లాగినప్పుడు లైన్ మొత్తం ఒక ముద్దగా స్పూల్ చుట్టూ జారిపోతుంది. డ్రాగ్ ఎంత బిగించినా ఆగదు. డ్రాగ్ పాడైందని రీల్‌నే పక్కన పడేయాలనిపిస్తుంది. అడుగున కొన్ని గజాలు మామూలు నైలాన్ లైన్ చుట్టి, దాని మీద బ్రెయిడ్ ముడేస్తే సరిపోతుంది. కొన్ని స్పూళ్ళకి దీని కోసమే రబ్బరు పట్టీ ఇస్తున్నారు.

అయితే రీల్‌దే నిజమైన తప్పు ఉండే చోటు ఒకటుంది: లైన్ రోలర్. బెయిల్ తీగ చివర, లైన్ మలుపు తిరిగే దగ్గర ఉండే చిన్న చక్రం. లైన్ మీద ఉన్న బరువంతా దీని మీదుగానే పోతుంది. దీనిలో బేరింగ్ లేకపోతే, లేదా ఇసుక పట్టి బిగుసుకుపోతే, లైన్ చక్రాన్ని తిప్పకుండా దాని మీద రాసుకుంటూ పోతుంది. మెలికలు పడతాయి, లైన్ అరుగుతుంది, చుడుతున్నప్పుడు కీచుమంటుంది. రీల్ ఎంచుకునేటప్పుడు పెట్టె మీద "10+1 బేరింగులు" అన్న అంకె చూసే బదులు, రోలర్‌లో బేరింగ్ ఉందా అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. హ్యాండిల్ నాబ్‌లో రెండు, ఇంకెక్కడో మూడు చవక బేరింగులు కలిపి అంకె పెంచడం తేలిక. నాలుగైదు మంచి బేరింగులు సరైన చోట్ల ఉన్న రీల్ పది ఉన్న రీల్ కంటే ఎక్కువకాలం నిలబడటం మామూలే.

రోటర్ బరువు: స్ట్రాడిక్, వాన్‌ఫోర్డ్

డ్రాగ్ తర్వాత డబ్బుకి నిజంగా విలువ దొరికే చోటు రోటర్, అంటే స్పూల్ చుట్టూ తిరిగే భాగం. షిమానో చేసే రెండు రీళ్ళని పక్కపక్కన పెడితే ఇది బాగా అర్థమవుతుంది. స్ట్రాడిక్ అల్యూమినియం ఒళ్ళున్న గట్టి రీల్. 2019లో వచ్చిన తరంలో 2500 సైజు సుమారు 225 గ్రాములు. వాన్‌ఫోర్డ్ కార్బన్ కలిపిన తేలికపాటి పదార్థంతో చేసినది, అదే సైజు 200 గ్రాముల లోపే. ధరలో తేడా కొద్దిగానే.

ఆ కొద్ది గ్రాముల తేడా తూచినప్పుడు చిన్నదే. అది ఎక్కడ తగ్గిందన్నది ముఖ్యం. రోటర్ తేలికైతే హ్యాండిల్ మీద వేలు పెట్టగానే కదులుతుంది, వదలగానే ఆగుతుంది. నెడ్ రిగ్ లాగేటప్పుడు పని అంతా ఇలాగే ఉంటుంది: రెండు చుట్లు, ఆగడం, లైన్ వదులు తియ్యడానికి అర చుట్టు, మళ్ళీ ఆగడం. ఆ ఆగుడులోనే బాస్ ఎరని నోట్లోకి పీల్చుకుంటుంది. లైన్ మీద చిన్న టిక్కు, కొన్నిసార్లు అదీ ఉండదు, ఎర కాస్త బరువెక్కినట్టు ఉంటుందంతే. బరువైన రోటర్ తన ఊపుతో ఇంకో పావు చుట్టు తిరిగితే ఆ కబురు అందులో కలిసిపోతుంది. తేలిక రోటర్ దాన్ని చేతిదాకా చేరనిస్తుంది.

అదే చిన్న స్విమ్‌బెయిట్‌ని (చేప ఆకారపు ఎరని) ఒకే వేగంతో చుట్టుకుంటూ వచ్చేవాళ్ళకి బరువైన రోటరే హాయి. ఒకసారి కదిలాక తన ఊపుతో తాను తిరుగుతుంది, వేగం నిలకడగా ఉంటుంది. పడవ అంచుకి తగిలినా, రాళ్ళ మీద పెట్టినా అల్యూమినియం ఒళ్ళు బెదరదు. కాబట్టి ఈ రెండింటిలో ఏది గొప్ప అన్న ప్రశ్నకి జవాబు లేదు. ఎరని ఆపి ఆపి ఆడిస్తారా, ఆపకుండా చుడతారా అన్నదానికే జవాబుంటుంది.

హ్యాండిల్ కూడా ఇక్కడే చూసుకోవాలి. చౌక రీళ్ళలో హ్యాండిల్ కడ్డీ గేర్‌లోంచి అవతలికి దూరి, అటువైపు మరతో బిగుస్తుంది. కొంతకాలానికి లొడలొడలాడుతుంది. మంచి రీళ్ళలో హ్యాండిల్ నేరుగా గేర్‌లోకే స్క్రూలా ఎక్కుతుంది, సందు దాదాపు ఉండదు. షాపులో చూడాల్సింది ఇదే: హ్యాండిల్‌ని తిప్పకుండా, ముందుకీ వెనక్కీ చిన్నగా కదిపి ఎంత వదులుందో చూడటం.

సైజు, గేర్

బాస్ వేటకు 2500 సైజు, లేదా 3000 స్పూల్‌ని 2500 ఒళ్ళు మీద పెట్టిన సి3000 సరిపోతుంది. కంపెనీల మధ్య ఈ అంకెలు ఒకేలా ఉండవు. డైవా 2018లో ఎల్‌టీ వరసతో ఒళ్ళు చిన్నవి చేసినప్పుడు సైజుల లెక్క కూడా మారింది, కాబట్టి పాత డైవా 2500 వాడినవాళ్ళు కొత్త 2500 అదే అనుకుని ఆర్డర్ పెట్టకూడదు. గ్రాములు, లైన్ పట్టే సామర్థ్యం చూసి పోల్చుకోవాలి.

గేర్ అంకె కంటే ఒక చుట్టుకి ఎంత లైన్ లోపలికి వస్తుందన్నది చూడటం మేలు. స్పూల్ వ్యాసం 47 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 148. దాన్ని 6.0తో గుణిస్తే 888 మిల్లీమీటర్లు, అంటే 35 అంగుళాలు. 5.2 గేర్ అయితే 30 అంగుళాలే. బాస్ గాలం తగలగానే పడవ వైపు ఈదుకొస్తుంటే, వదులైన లైన్‌ని గబగబా చుట్టాల్సి వస్తుంది. అక్కడ ఒక్కో చుట్టుకి ఆ 5 అంగుళాలు పనికొస్తాయి. ఒక్కటే స్పిన్నింగ్ రీల్ కొనేవాళ్ళకి 6 చుట్టుపక్కల గేర్ మంచిది.

ఎక్కడిదాకా డబ్బు పెట్టాలి

రాడ్‌తో కలిపి అమ్మే సెట్లలోని రీల్ నుంచి 70–80 డాలర్ల రీల్‌కి మారినా తేడా ఉంటుంది. ఫ్లూగర్ ప్రెసిడెంట్, షిమానో సెడోనా లాంటివి చాలాకాలంగా ఈ మెట్టు మీదే ఉన్నాయి. అక్కడి నుంచి 100–130 డాలర్ల దగ్గరికి, అంటే షిమానో నాస్కీ, డైవా ఫ్యూగో లాంటి వాటికి, మారితే చేపలు ఒడ్డుకి చేరడంలోనే మార్పు కనిపిస్తుంది. డ్రాగ్ మొదటి అంగుళం నున్నబడేది, రోలర్ నమ్మకంగా తిరిగేది చాలావరకు ఈ మెట్టు దగ్గరే.

తర్వాతి మెట్టు 200 నుంచి 270. స్ట్రాడిక్, వాన్‌ఫోర్డ్ ఇక్కడివే. ఇక్కడ పెరిగేది మన్నిక, తేలికదనం, స్పర్శ. వారం వారం సరస్సుకి వెళ్ళేవాళ్ళకి ఈ డబ్బు దండగ కాదు, అయిదారేళ్ళు కొత్తదానిలా తిరుగుతుంది. నెలకోసారి వెళ్ళేవాళ్ళు మాత్రం ఈ మెట్టెక్కే ముందు రాడ్ వైపు చూడాలి. 60 డాలర్ల రాడ్ మీద 250 డాలర్ల రీల్ పెడితే, ఎర దగ్గర జరిగేది రాడ్‌లోనే ఆగిపోతుంది, రీల్‌దాకా రాదు. అదే డబ్బుని 120 రాడ్‌కి, 120 రీల్‌కి, మిగతాది మంచి బ్రెయిడ్‌కి పంచితే ఎక్కువ చేపలు పడతాయి. ఇక షిమానో స్టెల్లా, డైవా ఎగ్జిస్ట్ లాంటి 800 డాలర్లు దాటినవి అద్భుతమైన యంత్రాలు. వాటి తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. కాని 3 పౌండ్ల బాస్ దృష్టిలో వాటికీ స్ట్రాడిక్‌కీ తేడా లేదు.

ఏ ధరదైనా ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. రోలర్‌కి అప్పుడప్పుడు ఒక చుక్క నూనె చాలు. రోటర్ కింద ఉండే యాంటీ రివర్స్ క్లచ్‌లోకి మాత్రం గ్రీజు పోనివ్వకూడదు. లోపలి చిన్న రోలర్లు పట్టు తప్పి, గాలం బిగించే క్షణంలో హ్యాండిల్ వెనక్కి తిరిగిపోతుంది.

టెక్సస్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌ల నుంచి లూయిస్‌విల్ సరస్సు దగ్గరే. గంటన్నర తూర్పుకి వెళ్తే లేక్ ఫోర్క్. 18.18 పౌండ్ల టెక్సస్ రికార్డు లార్జ్‌మౌత్ 1992 జనవరిలో దొరికింది అక్కడే. 17 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ కావాలి, స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద నుంచి పట్టేవాళ్ళకి మాత్రం అక్కర్లేదు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఇంటికి తీసుకెళ్ళకూడదు, నీళ్ళలోకి వదిలేయాలి. డ్రాగ్ మరీ వదులుగా పెట్టి చేపని చాలాసేపు అలసిపోనిస్తే, ముఖ్యంగా నీళ్ళు వేడిగా ఉండే ఆగస్టులో, వదిలినా అది బతకకపోవచ్చు. సీసా పరీక్ష దానికీ పనికొస్తుంది.

సెలవులకి ఇండియా వెళ్తూ తమ్ముడికో బావమరిదికో ఇలాంటి రీల్ సూట్‌కేసులో పట్టుకెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ చెరువుల్లో రబ్బరు కప్ప వేసి పట్టేది కొర్రమీనుని. అదీ బాస్‌లాగే గుర్రపుడెక్క కింద పొంచి ఉండి మీద పడే చేపే, కాని పడ్డాక నేరుగా తీగల్లోకి దూరిపోతుంది. డ్రాగ్ జారనిస్తే చేప దక్కదు. దానికి 4000 సైజు, 30–40 పౌండ్ల బ్రెయిడ్, డ్రాగ్ దాదాపు పూర్తిగా బిగింపు, గట్టి రాడ్ కావాలి. బాస్ కోసం ఎంచుకున్న తేలిక రోటర్ 2500 అక్కడ ఒక్క సీజన్ కూడా నిలవదు. ఊరికి పట్టుకెళ్ళడానికైతే అల్యూమినియం ఒళ్ళున్న పెద్ద సైజు రీల్ కొనాలి.